సున్నపు గీత నుంచి ఆఖరి గీత దాకా

దసరా వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం మా జట్టు ఉరకదు. ఆ పొద్దు మట్టి తవ్వుతుంది.

కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ పాఠశాల మైదానం మాది. మాది అంటే, తెల్లవారుజామున అయిదింటికి వచ్చి ఏడింటికి పిల్లలకు వదిలేసి పోయేదాకా మాది. వానాకాలంలో అక్కడ గడ్డి మొలుస్తుంది, నీళ్లు నిలుస్తాయి. కిందటేడు గీసిన ట్రాకు ఆనవాలు కూడా మిగలదు. మిగిలేవి భూమిలోకి దిగగొట్టిన రెండు ఇనుప చువ్వలే. వాటి తలలు నేలకు బెత్తెడు లోతున ఉంటాయి, ఆడుకునే పిల్లల కాళ్లకు తగలకుండా.

వాటిని వెతకడానికీ ఒక పద్ధతి ఉంది. పీఈటీగా చేసి రిటైరైన మా సార్ దగ్గర ఒక పొడవాటి ఖాతా పుస్తకం ఉంది. అందులో మొదటి పేజీలో వేపచెట్టు మొదలు నుంచి ఒక దూరం, నీళ్ల ట్యాంకు మూల నుంచి ఇంకో దూరం రాసుకున్నారు. ఇద్దరు మనుషులు రెండు టేపులు పట్టుకొని ఆ రెండు దూరాలూ కలిసే చోట నిలబడితే, చువ్వ వాళ్ల కాళ్ల కిందే ఉంటుంది. నాలుగు గడ్డపార దెబ్బలకు ఠంగుమంటుంది. ఆ చప్పుడుతో మాకు చలికాలం మొదలైనట్టు.

ఆ రెండు చువ్వల మధ్య దూరం సరిగ్గా 40 మీటర్లు. వాటి మీదే మొత్తం ట్రాకు లేస్తుంది. మైదానం చిన్నది కాబట్టి మాది 400 మీటర్ల ట్రాకు కాదు, 200 మీటర్లది. దాన్ని గీసే తీరు చూస్తే, ఉరుకుడు అంటే కాళ్ల పని మాత్రమే అనుకునేవాళ్లు ఆగి ఆలోచిస్తారు.

లెక్క ఇలా నడుస్తుంది. రెండు పక్కలా తిన్నగా ఉండే దారులు చెరి 40 మీటర్లు, కలిపి 80. మిగిలిన 120 మీటర్లు రెండు వంపులకు. రెండు అర్ధ వృత్తాలు కలిస్తే ఒక వృత్తం. చుట్టుకొలత 120 మీటర్లున్న వృత్తానికి వ్యాసార్థం 19 మీటర్ల 10 సెంటీమీటర్లు. కానీ గీత అక్కడ గీయరు. గీత మీద కాలు వేసి ఎవరూ ఉరకరు, దానికి కొంచెం అవతలగా ఉరుకుతారు. అందుకని గీతకు 20 సెంటీమీటర్ల అవతల మనిషి ఉరికే దారి ఉంటుందని నియమం. ఆ 20 తీసేస్తే 18 మీటర్ల 90 సెంటీమీటర్లు. పీఈటీలు మొదటిదాన్ని ఆర్‌డీఆర్ అంటారు, అంటే ఉరికే దారి వ్యాసార్థం. రెండోదాన్ని ఎండీఆర్ అంటారు, అంటే గీత గీసే వ్యాసార్థం. వ్యాయామ విద్య చదివిన ప్రతివాళ్లూ ఈ రెండు మాటలనూ నిద్రలో కూడా చెప్పగలరు.

ముందు తిన్నని దారుల చివరలు కుదరాలి. ఒక్కో చువ్వ దగ్గర మేస్త్రీలు ఇంటి మూల చూసినట్టే 3, 4, 5 లెక్కతో మూలమట్టం పడతారు. ఒక పక్క 3 మీటర్లు, ఇంకో పక్క 4 మీటర్లు, వాటి కొసలను కలిపే దూరం 5 మీటర్లయితే మూల తిన్నగా ఉన్నట్టు. ఆ మూల మీదుగా చువ్వకు రెండు వైపులా 18.90 మీటర్ల దగ్గర మేకు కొడతారు. అలా నాలుగు మేకులు. ఇప్పుడు పొడవు 40 మీటర్లు, వెడల్పు 37.80 మీటర్లున్న దీర్ఘచతురస్రం తయారైంది. అది నిజంగా దీర్ఘచతురస్రమేనా, పక్కకు ఒరిగిందా అని తేల్చేది ఐమూల కొలత. ఒక మూల నుంచి ఎదుటి మూలకు 55 మీటర్ల మూడున్నర సెంటీమీటర్లు రావాలి. రెండో ఐమూల కూడా అంతే రావాలి. రెండింటి మధ్య వేలెడు తేడా వచ్చినా సార్ మేకులు పీకిస్తారు.

అది కుదిరాక వంపులు. నేను మొదటిసారి ఈ పనికి వచ్చినప్పుడు నైలాన్ తాడు తెచ్చాను. సార్ దాన్ని పక్కన పడేసి ఇనుప తీగ చుట్ట తీశారు. "తాడు అబద్ధమాడతది తమ్మీ, తీగ ఆడదు" అన్నారు. నైలాన్ లాగితే సాగుతుంది, నూలు తాడు మంచుకు తడిసి బిగుసుకుంటుంది. తీగ ఒక కొసను చువ్వకు వదులుగా ఉంగరంలా తగిలిస్తారు, తిరిగేటప్పుడు చుట్టుకోకుండా. ఇంకో కొసకు మేకు. ఒకరు తీగను నేలకు సమాంతరంగా, ఒకే బిగువుతో పట్టుకొని నడుస్తుంటే మేకు నేల మీద సన్నటి గాటు పెడుతూ పోతుంది. ఆ గాటు మీద సున్నం పడుతుంది. అది నీళ్లు చల్లి ఆర్పిన సున్నం. ఆర్పనిది కంట్లో పడితే కన్ను కాలుతుంది. అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో పోసి, గాటు వెంట ఆడిస్తూ పోతే అయిదు సెంటీమీటర్ల తెల్లగీత. పొద్దున్నే మంచు కురిసి నేల చెమ్మగా ఉంటుంది కాబట్టి సున్నం గాలికి లేవకుండా అంటుకుంటుంది. ఈ పని మధ్యాహ్నం చేయకపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదని అప్పుడు తెలిసింది.

తాడు పది సెంటీమీటర్లు సాగితే ఏమవుతుందని ఆ రోజే అడిగాను. సార్ ఖాతా పుస్తకంలో లెక్క వేసి చూపించారు. వ్యాసార్థం 10 సెంటీమీటర్లు పెరిగితే ఒక రౌండులో దాదాపు 63 సెంటీమీటర్లు పెరుగుతుంది. 10 కిలోమీటర్లంటే మా ట్రాకు మీద 50 రౌండ్లు. అంటే 31 మీటర్లకు పైగా. గంటలో 10 కిలోమీటర్లు ఉరికేవాడికి అది 11 సెకన్లు. "వాడు మూడు నెలలు కష్టపడి తగ్గించుకున్న సెకన్లు నీ తాడు మింగేస్తది" అన్నారు. ఆ తర్వాత నేను తాడు ముట్టలేదు.

మా ట్రాకులో నాలుగు లేన్లు. ఒక్కోటి 1.22 మీటర్ల వెడల్పు. మొదటి వంపు గీశాక తీగను 1.22 మీటర్లు పొడిగిస్తూ పోతే మిగతావి వస్తాయి. బయటి లేనులో ఉరికేవాడికి దారి ఎక్కువ కాబట్టి వాడిని ముందుకు జరిపి నిలబెడతారు. ఎంత ముందుకు? రెండో లేనుకు 7 మీటర్ల 67 సెంటీమీటర్లు. మూడో లేనుకు దానికి రెట్టింపు, నాలుగోదానికి మూడింతలు. ఇక్కడే నాకు ఈ పనిలో అన్నిటికన్నా వింత అనిపించే విషయం ఉంది. ఈ 7.67 మా చిన్న ట్రాకు లెక్క మాత్రమే కాదు. పెద్ద స్టేడియంలో 400 మీటర్ల ట్రాకు మీద కూడా ఒక లేను నుంచి పై లేనుకు జరిపే దూరం ఇదే. అక్కడ లోపలి అంచుకు గట్టు ఉండటం వల్ల మొదటి లేనును 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు, కాబట్టి రెండో లేనుకు మాత్రం 7.04 మీటర్లు వస్తుంది. మిగతావన్నీ 7.67 చొప్పునే. వృత్తం ఎంత పెద్దదన్న దానితో దీనికి సంబంధం లేదు. వ్యాసార్థం ఎంత పెరిగింది అన్నదే లెక్క. లేను వెడల్పు ఎక్కడైనా 1.22 కాబట్టి, పల్లె బడిలో జరిపిన దూరమే ఒలింపిక్ స్టేడియంలోనూ జరుపుతారు.

నేల సిద్ధమైంది. మరి కాలం?

మన ఉత్తర తెలంగాణలో పరుగుకు చలికాలమే ఎందుకన్నది ఒంటి వేడి లెక్క. మనిషి ఒక కిలోమీటరు ఉరికితే ఒంటి బరువులో కిలోకు ఒక కేలరీ చొప్పున ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు ఉరికితే 600. అందులో నాలుగో వంతో అంతకన్నా తక్కువో కాళ్లను కదిలిస్తుంది. మిగిలిన 450కి పైగా వేడిగా మారుతుంది. ఆ వేడి బయటికి పోకపోతే మనిషి కూలబడతాడు. పోవడానికి రెండు తలుపులున్నాయి. చర్మం కన్నా గాలి చల్లగా ఉంటే వేడి నేరుగా గాలిలోకి పోతుంది. ఇది మొదటి తలుపు. రెండోది చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని మోసుకుపోతుంది. అయితే ఆవిరి కావాలి. కారి నేల మీద పడ్డ చెమట వేడిని తీసుకుపోదు.

మన ఇళ్లలో రంజన్ చేసే పనీ ఇదే. మట్టి గోడలోంచి చెమ్మ ఊరి ఆవిరవుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. ముసురు పట్టినప్పుడు అదే రంజన్‌లో నీళ్లు చల్లబడవు. బయటి గాలి అప్పటికే తడిసి ఉంటే ఊరిన చెమ్మ ఎటు పోతుంది? కరీంనగర్, ఆదిలాబాద్ ఎండాకాలంలో పగలు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలి చర్మం కన్నా వేడెక్కితే మొదటి తలుపులోంచి వేడి బయటికి పోవడం అటుంచి లోపలికి వస్తుంది. వానాకాలంలో రెండో తలుపు సగం మూసుకుంటుంది. దీపావళి తర్వాత ఈశాన్యం నుంచి పొడిగాలి మొదలయ్యాక రెండు తలుపులూ బార్లా తెరుచుకుంటాయి. అదే మనిషి, అవే కాళ్లు, అదే దమ్ము, అయినా నిమిషాలు తగ్గుతాయి. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ సంఘం నడిపే హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. అక్కడ చెమటతో తడిసి ముద్దయి వచ్చిన మావాళ్లు తమ టైమును చూసి దిగులు పడరు. వానాకాలంలో విత్తిందే చలికాలంలో చేతికొస్తుందని వాళ్లకు తెలుసు. ఆదిలాబాద్ పత్తికైనా అంతే కదా.

ఇక కాలు. నడకా పరుగూ ఒకే పనికి రెండు వేగాలు కావు. నడకలో కాలు గడియారపు లోలకంలా ఊగుతుంది. పరుగులో అది స్ప్రింగు. పాదంలో 26 ఎముకలున్నాయి. వాటి కమాను నేల తాకగానే చదునై, లేచేటప్పుడు మళ్లీ వంగుతుంది. పిక్కను మడమకు కట్టే స్నాయువును మనం మడమ నరం అంటాం. అది సాగి, సాగినప్పుడు దాచుకున్న బలాన్ని తిరిగి ఇస్తుంది. ఈ రెండూ కలిసి ఒక్కో అడుగుకు కావలసిన శక్తిలో పెద్ద వాటానే, ఖర్చు లేకుండా, తిరిగి అందిస్తాయి.

ఇందులో ఇంకో నేర్పుంది. కరీంనగర్ చుట్టుపక్కల చెల్క నేలలు మెత్తగా ఉంటాయి. ఆదిలాబాద్ నల్లరేగడి వానకు జిగట పట్టి, చలికాలానికి గట్టిపడుతుంది. తారురోడ్డు అన్నిటికన్నా గట్టిది. మూడు నేలల మీదా తల ఎగిరిపడే ఎత్తు దాదాపు మారదు. కారణం కాలే. మెత్తటి నేల మీద కాలు బిగుసుకుంటుంది, గట్టి నేల మీద సడలుతుంది. నేల మారిన మొదటి అడుగులోనే ఈ సర్దుబాటు జరిగిపోతుందని పరిశోధకులు కొలిచి చూశారు. చెల్క బాట దిగి తారురోడ్డు ఎక్కే మనిషికి ఈ సంగతి తెలియనే తెలియదు. కాలు తన పని తాను చేసుకుపోతుంది.

మనిషికి తెలిసి చేయాల్సిన పని వేరే ఉంది. అది వారాన్ని అల్లడం. మంగళవారం ట్రాకు మీద రెండేసి రౌండ్లు, అంటే 400 మీటర్లు, వేగంగా ఎనిమిది సార్లు. మధ్యలో నడుస్తూ ఊపిరి తీసుకోవడం. గురువారం 20 నిమిషాలు ఒకే వేగం. రెండు మూడు మాటలు చెప్పగలగాలి, కథ చెప్పలేనంత వేగం ఉండాలి. ఆదివారం పొడుగు ఉరుకుడు, లోయర్ మానేరు డ్యాం వైపు. 10 కిలోమీటర్లకు పైగా సాగే కట్ట, ఒక పక్క నీళ్లు, ఎదురుగాలి. మిగతా రోజుల్లో మెల్లటి పరుగు, లేదంటే సెలవు. మెల్లగా అంటే పక్కవాడితో ఇంటి సంగతులు మాట్లాడుకుంటూ పోగలిగేంత మెల్లగా.

ఇందులో కొత్తవాళ్లకు మింగుడుపడనిది సెలవు. సార్ దానికి చెప్పే ఉదాహరణ మా ఊరి పని నుంచే వస్తుంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనిలో వెండి కడ్డీని కమ్మచ్చులోంచి లాగుతారు. కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక. ఒక్కో రంధ్రం దాటుతుంటే తీగ సన్నబడుతుంది, దాంతోపాటు లోపల బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన తీగను అలాగే తర్వాతి రంధ్రంలోకి లాగితే తెగుతుంది. అందుకని మధ్యమధ్యలో దాన్ని కాల్చి మెత్తబరుస్తారు. మెత్తబడ్డాకే మళ్లీ లాగుతారు. చివరికి వెంట్రుకంత తీగలు రెండు పెనవేసి, చట్రంలో పూలుగా ఆకులుగా నింపి అతుకుతారు. ఉరికేవాడి వారం కూడా ఇలాగే నడవాలి. మంగళవారం ఒక రంధ్రంలోంచి లాగడం, బుధవారం మెత్తబరచడం. మూడు వారాలు దూరం పెంచి, నాలుగో వారం తగ్గిస్తారు. పోటీకి ముందు రెండు వారాలు ఇంకా తగ్గిస్తారు. గుండె, కండలు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకలకు, స్నాయువులకు నెలలు పడుతుంది. గుండె సిద్ధమైంది కదా అని ఉరికితే కాలు విరిగేది ఈ తేడా వల్లనే. జనవరి పోటీకి ఆగస్టులోనే మెల్లగా మొదలుపెట్టించడం వెనుక ఉన్న లెక్క ఇది.

ఆదిలాబాద్‌లో మా జతగాళ్ల పద్ధతి కొంచెం వేరు. అక్కడ కొన్ని చలికాలపు రాత్రులు అయిదారు డిగ్రీలకు దిగుతాయి. చలికి బిగిసిన మడమ నరం ఒక్కసారిగా లాగితే చీలుతుంది. అందుకని వాళ్లు ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో మొదటి పావుగంట మంకీ క్యాపు, స్వెట్టరు తీయకుండా నడక, మెల్లటి పరుగు. ఒంటికి చెమట పట్టబోయే ముందు స్వెట్టరు తీస్తారు, పట్టాక కాదు. పట్టాక తీస్తే తడిసిన బనీను మీద చలిగాలి తగిలి ఒళ్లు మళ్లీ బిగుస్తుంది. ఆ ఒకటి రెండు నిమిషాల తేడా పట్టుకోవడమే అక్కడి నేర్పు. నెలకొకసారి వాళ్లు నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మలుపులకు పోతారు. ఎక్కుడు ఉరికితే తొడలకు బలం, దిగుడు ఉరికితే అదుపు. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు ఆపాలి. మరునాడు మెట్లు దిగలేకపోవడం దానివల్లే. అది తెలిసి, దిగుడు సగమే ఉరికి మిగతా సగం నడుస్తారు.

వాళ్లలో ఒకరు ఓసారి అన్న మాట గుర్తుంది. చలికాలంలో మా దగ్గర పరుగు కొత్తేమో గానీ, దూరం పోవుడు కొత్త కాదన్నారు. నిజమే. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశంవాళ్లు గోదావరిలో హస్తినమడుగు దాకా వట్టి కాళ్లతో నడిచిపోయి నీళ్లు తెస్తారు. రోజుల తరబడి నడక, ఊరూరా మజిలీ, ఆపైన తిరుగు ప్రయాణం. ఎంత పోవాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు చేరాలి అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. పోటీ కాదది, మొక్కు. దూరాన్ని రోజులుగా పంచుకోవడంలో మాత్రం మేం నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఇక పోటీలు. అక్టోబరులో ఢిల్లీ హాఫ్ మారథాన్, డిసెంబరులో కోల్‌కతా 25 కిలోమీటర్ల పరుగు, జనవరి మూడో ఆదివారం ముంబయి మారథాన్. ముంబయిది 2004లో మొదలైంది. పిల్లలకు వీటికన్నా ముఖ్యమైనది క్రాస్‌కంట్రీ. మండలం, జిల్లా, రాష్ట్రం మెట్లు దాటి పోయే పిల్లలకు 16 ఏళ్లలోపు విభాగంలో 2 కిలోమీటర్లు. మా ట్రాకు మీద పది రౌండ్లు.

రోడ్డు పోటీల దూరం ఎలా కొలుస్తారో తెలిశాక మా సార్ ఇనుప తీగ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. గుర్తింపు ఉన్న పోటీల దారిని సైకిలుతో కొలుస్తారు. ముందుచక్రం ఇరుసుకు జోన్స్ కౌంటర్ అనే చిన్న పళ్లచక్రాల పరికరం బిగిస్తారు. చక్రం ఒకసారి తిరిగితే అందులో అంకె ఇరవైకి పైగా జరుగుతుంది, అంటే ఒక్కో అంకె జానెడు కన్నా తక్కువ దూరం. ముందు 300 మీటర్లకు తగ్గని తిన్నని రోడ్డును ఉక్కు టేపుతో కొలిచి, దాని మీద నాలుగుసార్లు తొక్కి కిలోమీటరుకు ఎన్ని అంకెలో తేలుస్తారు. దారి కొలిచాక మళ్లీ నాలుగుసార్లు తొక్కుతారు. ఎండెక్కితే టైరులో గాలి వ్యాకోచించి చక్రం పెద్దదవుతుంది, అంకెలు మారిపోతాయి. ఆ తేడాను పట్టుకోవడానికే రెండోసారి. వంపుల దగ్గర గట్టుకు 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిన తొక్కుతారు. ఇంత చేశాక కూడా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. 10 కిలోమీటర్లకు 10 మీటర్లు, మారథాన్ 42.195 కిలోమీటర్లకు 42 మీటర్లు. పొరపాటు జరిగితే దూరం ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువ కాకూడదు. తక్కువైన దారి మీద పెట్టిన రికార్డు రికార్డే కాదు.

కొలతలు ఇంత గట్టిగా ఉన్నప్పుడు ఆశకు కూడా కొలత పెట్టవచ్చు. సార్ ఖాతా పుస్తకంలో రెండో పేజీ నుంచి ఉండేవి అవే. ప్రతివాళ్లూ ఈ చలికాలానికి తమ ఆశ చెప్తారు. సార్ దాన్ని రౌండ్లలోకి మార్చి రాస్తారు. బట్టల దుకాణం నడిపే యాభై దాటిన అన్న ఆశ గంటలో 10 కిలోమీటర్లు. ఆయన పేరు కింద "50 రౌండ్లు, 72 సెకన్లు" అని ఉంది. ఆదిలాబాద్ నుంచి వచ్చే ఒక అక్క ముంబయిలో హాఫ్ మారథాన్ రెండుంపావు గంటల్లో ముగించాలనుకుంటుంది. ఆమె లెక్క రౌండుకు 77 సెకన్లకు కొద్దిగా లోపు. పోలీసు ఉద్యోగానికి తయారయ్యే పిల్లగాళ్లు ముగ్గురున్నారు. 2022 నోటిఫికేషన్లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలని పెట్టారు. మళ్లీ పిలుపు ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉండాలని 8 రౌండ్లు, రౌండుకు 54 సెకన్ల చొప్పున ఉరుకుతున్నారు.

పుస్తకం అట్ట లోపల ఎవరి ఆశా కాని రెండు అంకెలు రాసి ఉన్నాయి. ఒకటి శివనాథ్ సింగ్‌ది. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించారాయన. ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. మా ట్రాకు మీద దాని అర్థం రౌండుకు ముప్పై ఏడున్నర సెకన్లు, అలా 211 రౌండ్లు. మాలో వేగంగా ఉరికే పిల్లగాడు ఆ వేగంతో రెండు రౌండ్లు ఉరికి నడుం మీద చేతులు పెట్టుకొని ఆగిపోయాడు. రెండోది వరంగల్ జిల్లా కల్లెడ కూలీ దంపతుల బిడ్డ జీవాంజి దీప్తిది. కోచ్ నాగపురి రమేశ్ తీర్చిదిద్దిన దీప్తి, 2024 మేలో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ఉరికి అప్పటి ప్రపంచ పారా రికార్డు పెట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. మా పోలీసు పిల్లగాళ్లు ఒక రౌండుకు తీసుకునే సమయంలో ఆమె దాదాపు రెండు రౌండ్లు ముగిస్తుంది. ఈ రెండు అంకెలూ మమ్మల్ని చిన్నబుచ్చడానికి రాసినవి కావు. అదే కొలబద్ద మీద మనం ఎక్కడున్నామో తెలియడానికి.

అన్ని ఆశలకూ ఒకటే గండం, మొదటి రౌండు. ఒంట్లో దాచుకున్న పిండిశక్తి దాదాపు 2000 కేలరీలు. 60 కిలోల మనిషికి మారథాన్‌కు కావలసింది 2500 దాకా. తేడాను కొవ్వు పూడ్చాలి. కొవ్వు మెల్లగా మండుతుంది, వేగం పెరిగేకొద్దీ దాని వాటా తగ్గుతుంది. మొదట్లో తొందరపడ్డవాడు పిండిశక్తిని ముందే తగలేసుకుంటాడు. 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు రాళ్లవుతాయి. 10 కిలోమీటర్లలో కూడా ఇంత కాకున్నా, మొదట్లో చేసిన అప్పు చివర్లో వడ్డీతో కట్టాల్సిందే. సార్ దీన్నంతా ఒక్క మాటలో చెప్తారు: "ముంగట ఉరికినోడు ఎనుక నడుస్తడు."

అందుకే ట్రాకు తయారయ్యాక వచ్చే మొదటి మంగళవారం వేగం పరీక్ష ఉండదు, ఓపిక పరీక్ష ఉంటుంది. అందరూ వాచీలు తీసి సార్ చేతిలో పెడతారు. ఎవరి వేగంతో వాళ్లు, వాచీ లేకుండా, అయిదు రౌండ్లు ఉరకాలి. అయిదు రౌండ్లూ ఒకే సమయంలో రావాలి. ఈ ఏడు దుకాణం అన్నకు 64, 68, 73, 77, 80 సెకన్లు వచ్చాయి. సగటు 72కు దగ్గరే, కానీ అందులో 72 ఒక్కటీ లేదు. సార్ ఏమీ అనలేదు. అయిదు అంకెలూ ఆయన ఆశ పక్కన పెన్సిలుతో రాశారు. అన్న ఆ పేజీ వంక కాసేపు చూసి, నీళ్లు తాగి, "ఇంకోసారి ఉరుకుతా సార్" అన్నాడు.

"ఇయ్యాల కాదు. రేపు సెలవు, ఎల్లుండి రా" అన్నారు సార్. తీగ చుట్ట చుట్టి సంచిలో పెట్టుకొని, చువ్వల తలల మీద మట్టి కప్పి, కాలితో అదిమారు. అప్పటికే బడి గేటు దగ్గర పిల్లలు. ముందు వచ్చిన నలుగురు సంచులు పడేసి, తలో లేనులో, జరిపి పెట్టిన గీతల దగ్గర నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే.